ఒంటిరెక్క తలుపు

యాభై మూడు వరద చూసిన ముసలాళ్ళు, తరవాత ఎంత నీరొచ్చినా "ఇదీ ఓ వరదేనా" అనేవారు. వాళ్ళ నోళ్ళు మూయించిన వరద ఎనభై ఆరులో వచ్చింది. ఆగస్టు నెల. ఈ సంగతి ఆ వరదతో మొదలై, మరుసటేడు గోదారికి మళ్ళీ ఎర్రనీరు దిగేసరికి తేలింది.

రాజోలు దగ్గర వశిష్ఠ పాయలో చింతాలంక ఉండేది. ఇప్పుడు సగమే ఉంది. ఆ లంకకీ రాజోలు గట్టుకీ మధ్య పడవ నడిపేవాడు మాణిక్యాలరావు. ఇరవై నాలుగేళ్ళవాడు. తండ్రి పోయేక పడవా, దాన్ని తోసే వెదురు గెడా, రేవూ అతని చేతికొచ్చేయి.

వరద రోజు పొద్దుట్నించీ లంక మనుషుల్ని గట్టుకి చేరవేస్తున్నాడు. నాలుగో విడత వెళ్ళేసరికి తూర్పు కొసన ఒక్క ఇల్లే మిగిలింది. అరుగు మునిగిపోయింది. మొలలోతు నీళ్ళలో ఒక ముసలావిడా, ఒక అమ్మాయీ నిలబడి ఉన్నారు. గుమ్మం నించి ఊడదీసిన తలుపు రెక్కొకటి ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

"ఎక్కండి, ఎక్కండి!" అని కేకేసేడు.

"ముందు ఇదెక్కించండి" అంది అమ్మాయి.

"మనుషులకే చోటు లేదండి. తలుపేంటండీ?"

"ఇదెక్కకపోతే మా మామ్మ ఎక్కదు. మా మామ్మ ఎక్కకపోతే నేనెక్కను. మీ ఇష్టం."

మాణిక్యాలరావు ముసలావిడ వైపు తిరిగేడు. "మామ్మగారూ, మీరైనా చెప్పండి. ప్రాణం కావాలా, తలుపు కావాలా?"

"ఒరే అబ్బాయ్, నా ప్రాణానిదేముంది, డెబ్భై ఏళ్ళు వాడేసేను. ఇది టేకు తలుపు. నా కూతురు కువైటులో నాలుగేళ్ళు పరాయిపిల్లల్ని ఎత్తి చేయించింది. పట్టు!"

పట్టేడు. రెండో రెక్క కూడా ఊడదీద్దామని చూసేరు గానీ దాని మడతబందు కదల్లేదు. వదిలేసేరు. పడవ వందగజాలు వచ్చేక అందరూ వెనక్కి చూసేరు. ఆ మిగిలిన రెక్క నీటికి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. లోపల ఎవరో ఉన్నట్టే ఉంది. తరవాత ఇల్లు నీళ్ళలో కూలిపోయింది.

అమ్మాయి ఏడవలేదు. తలుపు మీద కొట్టి ఉన్న రేకుబిళ్ళని పైటకొంగుతో తుడిచింది. పంచాయతీవాళ్ళ ఇంటి నెంబరు. 3-27.

ఆ అమ్మాయి పేరు దయామణి. మామ్మ పేరు శాంతమ్మ. తల్లికి తల్లే అయినా దయామణి మామ్మనే పిలిచేది.

*

నీళ్ళు తీసేక లంకలో మిగిలినవాళ్ళు పడమటి మెరక మీద పరదాగుడ్డలతో గుడిసెలు వేసుకున్నారు. గుడ్డ గుడిసెకి తలుపు పెట్టడానికి గుమ్మం ఏది? రెక్క బయట వాననీటిలో నానుతోంది. ఇటు మాణిక్యాలరావు పడవ బల్ల వరదలో కొట్టుకుపోయింది. బల్లంటే ఒడ్డు మీంచి పడవలోకి జనం నడిచొచ్చే చెక్క. అది లేకపోతే మోకాలిలోతు బురదలో దిగాలి.

మొహమాటపడుతూనే అడిగేడు. "మామ్మగారూ, మీరు ఇల్లు కట్టుకునేదాకా ఆ తలుపు రేవులో వేసుకుంటానండి."

"జాగ్రత్తగా వాడు" అంది మామ్మ.

"రేకుబిళ్ళ కిందకి పెట్టండి. మా ఇంటి నెంబరు ఎవరూ తొక్కకూడదు" అంది దయామణి.

అలా ఆ తలుపు రేవు బల్లయింది. దయామణి రోజూ రాజోలులో కుట్టుపనికి వెళ్ళొచ్చేది. ఎక్కినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా ఎక్కేది కాదు.

"రండి రండి, కాళ్ళు కడుక్కుని రండి. మా ఇంట్లోకే వస్తున్నారు" అనేది వెనకాల జనంతో.

"ఇంటావిడగారూ, కొంచెం జరగండి. అవతల మేకనెక్కించాలి" అనేవాడు మాణిక్యాలరావు.

"మేకని మా గుమ్మంలోంచి ఎక్కిస్తారా?"

"మేకేనండి, చుట్టమే. రోజూ వస్తుంది."

జనం నవ్వేవారు. ఒకరోజు జల్లుపడింది. ఆమె గొడుగు పట్టింది. గొడుగు సగం గెడ వేస్తున్న అతని మీదకి వంగింది. ఆమె అటు చూడకుండా, ఎవరో పట్టమన్నట్టు పట్టింది. అతనూ అటు చూడలేదు. పడవ మాత్రం ఆ రోజు రేవు దాటి రెండు బారలు కిందకి పోయింది.

"ఏరా, కొత్తగా నేర్చుకుంటున్నావా?" అన్నాడు ఒక పెద్దాయన.

ఆర్నెల్లు ఇలా గడిచేయి. తన గురించి చాలా చెప్పిన దయామణి ఒక్కటి మాత్రం చెప్పలేదు. చెప్పాలని పడవెక్కేది. అవతలి ఒడ్డు వచ్చేసేది.

*

ఫిబ్రవరి నెలలో ఒక మధ్యాహ్నం రాజోలు రేవులో పడవ ఖాళీగా ఉంది. ఒక కానిస్టేబులు సైకిలు దిగేడు. కొత్తాయన. కొత్తపేట నించి బదిలీ మీద వచ్చిన దుర్గారావు. ఒక కాలు బల్ల మీద పెట్టి, చేతిలో కాగితం చూసుకున్నాడు.

"ఏవోయ్, దయామణి, తల్లి సుందరమ్మ. ఇంటి నెంబరు 3-27, చింతాలంక. ఎక్కడుంటుంది?"

మాణిక్యాలరావు చేతిలో గెడ పక్కన పెట్టేడు. ఖాకీచొక్కా ఆడపిల్ల పేరు అడుగుతోంది. రేవులో పోలీసు ఎవరి పేరడిగినా తెలీదనాలని తండ్రి ఎప్పుడూ చెప్పేవాడు. ఒకప్పుడు ఆ రేవులో ఒకడు ఎవరిదో ఇల్లు చూపించి ఆ మనిషిని నెలరోజులు స్టేషనులో కూచోబెట్టించేడు. అప్పట్నించీ ఆ లంకలో అదొక కట్టుబాటు. సొంత చెల్లెల్నైనా ఎరగమంటారు.

"ఆ ఇల్లు లేదండి. ఏట్లో కలిసిపోయింది" అన్నాడు. అది నిజమే.

"మరి మనిషి?"

"వరదకి జనం తలో దిక్కూ పోయేరండి."

"ఈ లంకలో ఉందా లేదా? అవతలకి రానా?"

"వచ్చి ఏం చూస్తారండి. లేదండి."

ఆయన నీళ్ళ వంకా, ఎండ వంకా చూసేడు. కాగితం మీద ఏదో రాసేడు. "సంతకం పెట్టు."

మాణిక్యాలరావు ఒక్కో అక్షరం దిద్ది పెట్టేడు. ఆయన సైకిలెక్కి పోయేడు. మాణిక్యాలరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఒకళ్ళని ఆపదలోంచి తప్పించేననుకున్నాడు.

సాయంత్రం దయామణి పడవెక్కేదాకా కూడా ఆగలేకపోయేడు.

"మీకోసం పోలీసొచ్చేడండి. భయపడకండి. నేను పంపించేసేను."

ఆమె బల్ల మీదే ఆగిపోయింది. "ఏమని పంపించేరు?"

"అలాంటి మనిషి లేదన్నానండి. సంతకం కూడా పెట్టేను."

దయామణి చేతిలో సంచి జారి నీళ్ళలో పడింది. తీసుకోలేదు.

"అది నా పాస్‌పోర్టు విచారణండీ" అంది.

ఆ మాట అతనికి వెంటనే ఎక్కలేదు. ఎక్కేక వంగి సంచి నీళ్ళలోంచి తీసేడు.

పడవలో ఇంకెవరూ లేరు. అవతలి ఒడ్డు చేరేలోపు ఆమె అంతా చెప్పేసింది. తల్లి సుందరమ్మ తొమ్మిదేళ్ళ కింద కువైటు వెళ్ళింది, ఒక ఇంట్లో పిల్లల్ని చూడ్డానికి. దయామణికి అప్పుడు పదకొండేళ్ళు. మధ్యలో ఒక్కసారి వచ్చింది. ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి మేడం దగ్గరుంది. మేడం సంతకం పెడితేనే దేశం దాటగలదు. ఇప్పుడు మోకాళ్ళు పోయి మెట్లెక్కలేకపోతోంది. ఇంటికి పోతానంటే, నీ బదులు ఎవరినైనా తెచ్చిపెట్టి పొమ్మంది మేడం. కూతురి పేరున వీసా కాగితం పంపించింది.

"ఏప్రిల్ ముప్పయ్యోతారీకు దాకానే అది చెల్లుతుంది. ఆలోపు నేను వెళ్తే మా అమ్మ వస్తుంది. వెళ్ళకపోతే..."

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

"చెబితే, ఈ మాటా ఈ నవ్వూ ఇంకేం మిగులుతాయి?" అంది. తరవాత అతని మొహంలోకి సూటిగా చూసింది. "తెలిసే చేసేరా?"

"తెలీదండి. ఒట్టు."

"సరే. తెలిసుంటే ఏం చెప్పేవారు?"

మాణిక్యాలరావు గెడ నీళ్ళలో దించేడు. అడుక్కి ఆనింది. తీసేడు. మళ్ళీ దించేడు.

దయామణి ఒడ్డెక్కి వెళ్ళిపోయింది. మర్నాటి నించి పడవలో ఉన్నా లేనట్టే కూచునేది. 'ఇంటావిడగారూ' అనే ధైర్యం అతనికీ పోయింది.

*

రాజోలు బస్టాండు పక్కన శ్రీరామచంద్రమూర్తిగారు టైపు మిషను పెట్టుకుని కూచునేవారు. ఆ చుట్టుపక్కల పాస్‌పోర్టు ఫారాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. మాణిక్యాలరావు వెళ్ళి నిలబడ్డాడు. చేసిన పని చెప్పేడు.

ఆయన కళ్ళజోడు తీసేరు. "నాయనా, ఎవరైనా కష్టపడి అబద్ధాలాడతారు కాగితం రావడానికి. నువ్వు రాకుండా ఉండడానికి ఆడేవా?"

"దారేదైనా ఉందాండి?"

"అర్జీ పెడదాం. మళ్ళీ విచారణ జరిపించమని. హైదరాబాదు పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు ఒప్పుకుంటే కాగితం మళ్ళీ ఈ స్టేషనుకే వస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ముందు ఆ కానిస్టేబులు దగ్గరకెళ్ళి నిజం ఒప్పుకో."

వెళ్ళేడు. దుర్గారావు విని లేచి నిలబడ్డాడు.

"పోలీసుకి అబద్ధపు సాక్ష్యం చెబుతావా? లోపలేస్తాను, ఏవనుకున్నావో!"

"వెయ్యండి. ముందు ఆవిడ కాగితం సరిచేసి, తరవాత వెయ్యండి."

ఆయన అతన్ని కిందా పైనా చూసేడు. "ఎవరా అమ్మాయి నీకు?"

"పడవెక్కుతారండి."

"ఓహో. మా పెద్దమ్మ కూడా పడవెక్కుతుంది. ఆవిడకోసం జైలుకెళ్తానని ఎవరూ అనలేదు." కూచున్నాడు. "చూడూ. మళ్ళీ రమ్మంటే వస్తాను. కానీ గుడ్డ గుడిసె చూసి నేనేం రాయను? కాగితంలో 3-27 అనుంది. నాకు 3-27 చూపించాలి. ఇల్లుండాలి, నెంబరుండాలి, ఆ ఇంట్లో ఆ మనిషి ఉండాలి."

మాణిక్యాలరావు రేవుకొచ్చి పడవలో కూచున్నాడు. నీళ్ళలో పోయిన ఇల్లు ఎక్కణ్ణించి తేవాలి? జనం ఎక్కుతున్నారు. బల్ల మీద అడుగులు టకటకమంటున్నాయి. ఆ చప్పుడు వింటూ వింటూ ఒక్కసారిగా లేచేడు.

"దిగండి, దిగండి. అందరూ దిగండి!"

"ఏంట్రా, ఇప్పుడే కదా ఎక్కింది!"

దింపేసి, బల్లని తిరగేసేడు. పాచి పట్టి ఉంది. గోటితో గీకేడు. తుప్పు కింద నించి 3 కనబడింది. తరవాత 27.

*

ఐదు రోజులు పడవ పొద్దుటా సాయంత్రమే నడిచింది. మిగతా టైమంతా మాణిక్యాలరావు మెరక మీదే. స్నేహితుడు బంగారరాజు వెదుళ్ళు కొట్టుకొచ్చేడు. లంకవాళ్ళు కొబ్బరాకులు అల్లి ఇచ్చేరు. మట్టిగోడలు లేచేయి. మామ్మ మంచం మీద కూచుని మేస్త్రీలా అజమాయిషీ చేసింది.

దయామణి ఆకు అందించింది, నీళ్ళు మోసింది, మాట మాత్రం ఆడలేదు.

"అమ్మాయీ, ఆ అబ్బాయికి మంచినీళ్ళియ్యవే" అంది మామ్మ.

"కుండ అక్కడే ఉంది కదా మామ్మా. ఇల్లు కట్టేవాళ్ళు కుండ ముంచుకోలేరా?"

"ముంచుకుంటానండి" అన్నాడతను.

"నేను మా మామ్మతో మాట్లాడుతున్నాను."

"నేనూ మామ్మగారితోనేనండి" అన్నాడు.

బంగారరాజు గోడ వెనక్కెళ్ళి నవ్వేడు.

గుమ్మం నిలబెట్టేరు. రెక్క బిగించేరు. గుమ్మం రెండు రెక్కలకి సరిపడా చేసేరు గానీ ఉన్నది ఒక్కటే. రెండోపక్క కొబ్బరాకు తడిక కట్టేరు. ఎండలో రేకుబిళ్ళ మెరిసింది.

మార్చి నెలంతా ఎదురుచూపులే. మాణిక్యాలరావు వారానికి రెండుసార్లు మూర్తిగారి దగ్గరకెళ్ళేవాడు. ఆయన తల అడ్డంగా ఊపేవారు. రేవులో సైకిలు బెల్లు మోగితే గెడ వదిలేసేవాడు. రోజులు లెక్కపెట్టుకోవడం అలవాటైంది. ఇంకా నలభై. ఇంకా ముప్పై రెండు.

ఏప్రిల్ రెండోతారీకున దుర్గారావు వచ్చేడు. పడవెక్కబోయి ఆగేడు.

"ఏవోయ్, ఆ రోజు ఇక్కడో బల్ల ఉంది కదా?"

"ఆయ్. ఇప్పుడు మీరు చూడబోయేది అదేనండి."

ఆయనకి అర్థం కాలేదు. బూట్లు చేతపట్టి, ప్యాంటు మడిచి, తిట్టుకుంటూ బురదలో దిగేడు. మెరక ఎక్కేక తలుపు ముందు నిలబడి రేకుబిళ్ళ చూసేడు. కాగితం చూసేడు. తలుపు తీసి, వెనక వైపు ఇంకా కనబడుతున్న కాలిముద్రలు చూసేడు.

"అంటే ఆ రోజు నేను 3-27 మీద కాలు పెట్టి, 3-27 ఎక్కడని అడిగేనన్నమాట."

"ఆయ్" అన్నాడు మాణిక్యాలరావు.

"నోరు ముయ్యి." దయామణి వైపు తిరిగేడు. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. పేరడిగేడు, తల్లి పేరడిగేడు. చెప్పింది. "ఇల్లుంది. నెంబరుంది. మనిషుంది" అని రాసుకున్నాడు. "సాక్షి సంతకం. పెట్టు. ఈసారి నిజమేనా?"

"నిజమేనండి."

ఆయన్ని దిగబెట్టి తిరిగొచ్చేసరికి దయామణి లంక రేవులో నిలబడుంది. నలభై రోజుల తరవాత ఆమె మొహంలో నవ్వు చూసేడు.

"ఆ రోజు అడిగినదానికి జవాబు చెప్పలేదు" అంది.

"దేనికండీ?"

"తెలిసుంటే ఏం చెప్పేవారని."

మాణిక్యాలరావు పడవ కట్టేడు. ముడి బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టేడు.

"తెలిసినా లేరనే చెప్పేవాణ్ణేమోనండి. ఆ రాత్రంతా అదే ఆలోచించేను. అలా చెప్పేవాణ్ణి కాదని నాకు నేనే గట్టిగా చెప్పుకోలేకపోయేను. అందుకే ఇల్లు కట్టేను."

దయామణి పైటకొంగు వేలికి చుట్టుకుంది. "నీళ్ళు కావాలా?" అంది చివరికి.

"ఇవ్వండి."

మెరకెక్కేక, కుండ పక్కనే ఉన్నా, ఆ రోజు ఆమే ముంచి ఇచ్చింది.

*

పాస్‌పోర్టు ఏప్రిల్ పద్దెనిమిదిన రిజిస్టరు పోస్టులో వచ్చింది. ఇంక పన్నెండు రోజులు. హైదరాబాదులో వలసల ఆఫీసువాళ్ళు స్టాంపు వెయ్యాలి. అక్కణ్ణించి బొంబాయి, అక్కడ విమానం. పాస్టరు ప్రకాశరావుగారు విమానం దాకా తోడెళ్తానన్నారు.

మాణిక్యాలరావు ఎవరికీ చెప్పకుండా మూర్తిగారి దగ్గరకెళ్ళేడు.

"ఒక సంగతి అడగాలండి. భార్య అక్కడ పనిచేస్తుంటే, భర్త వెళ్ళడానికి కాగితం ఉంటుందాండి?"

మూర్తిగారు మిషను మీద చేతులాపేరు. "భర్త ఉద్యోగంలో ఉండి, జీతం వాళ్ళు చెప్పినంత ఉంటే, భార్యని పిలిపించుకోవచ్చు. ఇంటిపనికెళ్ళిన ఆడమనిషి భర్తని పిలిపించుకోవడానికి కాగితమే లేదు నాయనా."

"పోనీ ఇప్పుడు పెళ్ళి చేసుకుని వెళ్తే?"

"వీసాలో పెళ్ళికాని దయామణి అనుంది. పెళ్ళైతే పాస్‌పోర్టు మార్చాలి, ఆ వీసా పోతుంది, మళ్ళీ మొదట్నించీ. అప్పటికి తారీకు దాటిపోతుంది. ఆ తల్లి అక్కడే ఉండిపోతుంది." కళ్ళజోడు తుడుచుకున్నారు. "నువ్వు అడగవలసింది నన్ను కాదేమో."

ఇరవై ఒకటిన సాయంత్రం బస్సు. పడవలో దయామణి, మామ్మ, పాస్టరుగారు, ఒక రేకుపెట్టె. మామ్మా పాస్టరుగారూ ముందు దిగి గట్టెక్కేరు. పెట్టె అందిస్తూ అతను అడిగేసేడు.

"నేనిక్కడ ఉంటానండి. ఎన్నాళ్ళైనా. మీరు వచ్చేక... నన్ను చేసుకుంటారా?"

ఆమె కళ్ళు నిండేయి. నవ్వింది కూడా. "ఇప్పుడా అడగడం? ఆర్నెల్లు మేకని దాటించేరు కదా, ఆ మధ్యలో అడక్కూడదా?"

"మేక ముందు మొహమాటమేసిందండి."

ఆమె పెట్టె అందుకుంది. "ఇప్పుడు చెప్పను. చెబితే కదల్లేను. మా అమ్మతో చెప్పి పంపిస్తాను. అమ్మ వచ్చిందంటే నా జవాబు వచ్చినట్టే."

"అమ్మగారు రాకపోతే?"

అదే భయం ఆమెకీ ఉందని ఆ మొహం చూస్తే తెలిసింది. కూతురు చేతికి చిక్కేక మేడం తల్లిని కూడా వదలకపోతే? పాస్టరుగారు గట్టు మీంచి పిలిచేరు.

*

మే నెలలో ఒక ఉత్తరం వచ్చింది, మామ్మ పేరున. చేరేనని, అమ్మని చూసేనని, తను పని నేర్చుకునేదాకా అమ్మని ఉండమన్నారని. తరవాత ఏమీ రాలేదు. జూను వెళ్ళిపోయింది.

మామ్మ అన్నం సగంలో వదిలేసేది. "ఒకత్తిని తెచ్చుకుందామని ఇంకోత్తిని కూడా పంపుకున్నానేమోరా అబ్బాయ్" అనేది. అతను రోజూ ఒకసారి మెరకెక్కి, కూచుని, "వస్తారండి" అనేవాడు. ఆ మాట ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలీదు. తన సంతకం వల్లే నలభై రోజులు పోయేయి. ఆ నలభై రోజుల్లో మేడం మనసు మారిపోయిందేమో. తిండి దగ్గర, పడక దగ్గర అదే ఆలోచన.

రేవులో జనం మాత్రం బల్ల గురించే తగువుకొచ్చేవారు.

"ఒరేయ్, వానాకాలం వచ్చింది. ఎన్నాళ్ళు దించుతావు బురదలో?"

చివరికి జులైలో అంబాజీపేట కలప అడితి నించి మంచి వేపబల్ల ఒకటి కోయించి తెచ్చేడు. వేసిన మర్నాడు గోదారికి ఎర్రనీరు దిగింది. సాయంత్రం బస్సు వెళ్ళేక ఒకావిడ గట్టు దిగుతూ కనబడింది. పక్కపక్కకి ఒరుగుతూ నడుస్తోంది. తాడుతో కట్టిన పెద్ద సంచి. ఆగి నీళ్ళ వంక చూసింది, లంక తూర్పు కొస ఉండే చోటు వంక చూసింది. అక్కడ నీళ్ళే ఉన్నాయి.

"బాబూ, 3-27కి వెళ్ళాలి. చింతాలంక. ఇల్లు ఉందా?"

మాణిక్యాలరావు పడవలోంచి దూకి ఎదురెళ్ళేడు.

"ఉందండి" అన్నాడు. "ఉందండి. రండి."

చెయ్యి పట్టుకుని కొత్త బల్ల మీద నడిపించేడు. సుందరమ్మ పడవలో కూచుని మోకాళ్ళు నిమురుకుంది. సగం దూరం వచ్చేదాకా అతన్నే చూసింది.

"బల్ల లేకుండా జనాన్ని నీళ్ళలో దింపే పడవబ్బాయి ఉంటాడని చెప్పింది మా అమ్మాయి. నువ్వేనా?"

"ఆయ్. బల్ల నిన్ననే వేసేనండి."

"పోలీసుకి నా కూతురు లేదని చెప్పింది నువ్వే?"

"నేనేనండి."

"మళ్ళీ ఇల్లు కట్టింది?"

"ఆయ్."

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "మేడం నన్ను వదలనంది. వదిలేదాకా అన్నం ముట్టనని కూచుంది దయామణి. రెండు రోజులు. మూడో రోజు నా పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పడేసింది మేడం. తన గడువు రెండేళ్ళేనని కూడా మేడం చేత రాయించుకుంది దయామణి. నా కూతురికి అంత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో."

"నాకు తెలుసండి" అన్నాడు. "తలుపెక్కకపోతే పడవెక్కనన్నారు ఒకసారి."

పడవ లంకకి ఆనింది. అతను దిగి నిలబడ్డాడు. ఆవిడే చెప్పింది.

"నీకో మాట చెప్పమంది. రెండేళ్ళయ్యేక వస్తుందట. వచ్చి ఇంక వెళ్ళదట. ఆ సగం తలుపు సంగతి చూడమంది, తడిక ఉన్న ఇంట్లో పెళ్ళికూతురిగా కూచోనంది. నాకు ఇష్టమేనని నేను చెబుతున్నాను. మా అమ్మకి ఇష్టమో కాదో నువ్వే కనుక్కో."

మెరక మీంచి మామ్మ గొంతు వినబడింది. "ఎవర్రా అది, అబ్బాయ్? ఎవరొచ్చేరు?"

అతను సంచి భుజానికెత్తుకుని ముందు నడిచేడు. ఒంటిరెక్క తలుపు తనే తీసేడు.

మర్నాడు తెల్లారి మొదటి పడవకి వచ్చిన జనానికి లంక రేవులో మళ్ళీ బల్ల లేదు. పడవ ఉంది, మనిషి లేడు. చీరలెత్తిపట్టి, చెప్పులు చేతపట్టి, ఏమైందని ఒకళ్ళనొకళ్ళు అడిగేరు. మేక కూడా అరిచింది.

మాణిక్యాలరావు అప్పటికి మెరక మీద ఉన్నాడు. తడిక విప్పి పక్కన పెట్టేడు. కొత్త వేపబల్లని గుమ్మం కొలతకి కోసేడు, చిత్రిక పట్టేడు, మడతబందులు కొట్టేడు. సుందరమ్మ కింద నించి పట్టుకుంది. మామ్మ మంచం మీంచి "కొంచెం పైకి, కొంచెం పైకి" అంది. బిగించేక రెండు రెక్కలూ ఒకసారి మూసి చూసేడు. టేకు రెక్కా వేప రెక్కా మధ్యలో కలిసేయి. మళ్ళీ తెరిచి, బారుగా తీసి పెట్టి, పడవ దగ్గరకి పరిగెత్తేడు.